దొరకని దొంగ, దొరికిపోయిన డిటెక్టివ్

బ్లేక్ ఎడ్వర్డ్స్ తీసిన 'పింక్ ప్యాంథర్' 1963 చివర్లో ఇటలీలో, మరుసటి ఏడాది అమెరికాలో విడుదలైంది. అందులో పీటర్ సెల్లర్స్ వేసిన ఇన్‌స్పెక్టర్ క్లూసో పని చేతగాని డిటెక్టివ్‌కి మారుపేరైపోయాడు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఆ సినిమా దొంగదా, డిటెక్టివ్‌దా? నవ్వు ఒక మనిషి తెలివితక్కువతనం మీదా, అతని వెనకున్న పోలీసు వ్యవస్థ మీదా? కథకు కేంద్రమైన గులాబీ వజ్రం ఒక తూర్పుదేశానిది కావడం యాదృచ్ఛికమా, కాదా? తెలుగులో ఈ ప్రశ్నలకు ఇంకొకటి తోడైంది: 'చంటబ్బాయ్' పాండురంగారావు, 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరు కుర్రాడు క్లూసో వారసులేనా, లేక మన కథల్లోనే వాళ్లకో తాత ఉన్నాడా?

ఈ ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. అరువా సొంతమా అని అడిగినవాళ్లు వ్యవస్థ సంగతి వదిలేశారు. వ్యవస్థ గురించి రాసినవాళ్లు దొంగను మరిచిపోయారు. వీటిని విడదీసి చూడటానికి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. చేతగాని పరిశోధన జరిగిన ప్రతి కథలోనూ ఎవరో ఒకరు దానికి మూల్యం చెల్లిస్తారు. ఆ చెల్లించేది ఎవరు?

సినిమా చేతులు మారిన తీరు

ఎడ్వర్డ్స్, మారిస్ రిచ్లిన్ కలిసి రాసుకున్న కథలో కథానాయకుడు దొంగ. 'ఫాంటమ్' అనే పేరుతో నగలు కొట్టేసే సర్ చార్లెస్ లిట్టన్‌గా వేసింది డేవిడ్ నివెన్. మర్యాద తెలిసిన, మాటకారి దొంగ అతను. క్లూసో పాత్రకు మొదట అనుకున్నది పీటర్ ఉస్తినోవ్‌ని. ఆయన తప్పుకోవడంతో సెల్లర్స్ వచ్చాడు, సినిమా అతని చేతికి వెళ్లిపోయింది.

ఎలా వెళ్లిపోయిందో చూడాలంటే మొదట్లో వచ్చే ఒక్క సన్నివేశం చాలు. క్లూసో తన కార్యాలయంలో నిలబడి, ఫాంటమ్ వెనకున్న ఆడమనిషిని పట్టుకుని తీరాలని గంభీరంగా ప్రకటిస్తాడు. పక్కనున్న భూగోళాన్ని వేలితో గిర్రున తిప్పుతాడు. అది ఇంకా తిరుగుతుండగానే ఠీవిగా దాని మీద చెయ్యి ఆనిస్తాడు. మరుక్షణం నేల మీద ఉంటాడు. అయినా లేచేటప్పుడు అతని ముఖంలో సిగ్గు ఉండదు. ఏమీ జరగనట్టే మళ్లీ పనిలో పడతాడు. పడిపోవడం ఎవరైనా పడగలరు. పడ్డాక కూడా తన హోదా చెక్కుచెదరలేదని నమ్మే మనిషిని అంత నిజంగా చూపించడం సెల్లర్స్ సాధించినది.

ఆ తర్వాత పరిణామం చకచకా సాగింది. 1964లోనే వచ్చిన 'ఎ షాట్ ఇన్ ద డార్క్' పూర్తిగా క్లూసో సినిమా. అందులో నగా లేదు, ఫాంటమూ లేడు. మార్సెల్ అషార్ ఫ్రెంచి నాటకం ఆధారంగా వచ్చిన వేరే కథలోకి క్లూసోని ప్రవేశపెట్టారు. పై అధికారి డ్రేఫస్ అందులోనే పుట్టాడు. 1975, 1976, 1978లలో మరో మూడు వచ్చాయి. సెల్లర్స్ 1980లో చనిపోయాక, మిగిలిపోయిన ముక్కలు అతికించి 1982లో ఇంకొకటి విడుదల చేశారు. ఆయన భార్య కోర్టుకెక్కి నష్టపరిహారం గెలుచుకుంది. 1993లో రాబర్టో బెనీనీ, 2006లో, 2009లో స్టీవ్ మార్టిన్ ప్రయత్నించారు. అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీ 2010లో భద్రపరచదగినదిగా ఎంపిక చేసింది మాత్రం మొదటి సినిమానే.

ఇక ఫ్రిజ్ ఫ్రెలెంగ్ బృందం గీసిన టైటిల్ కార్టూన్, హెన్రీ మాన్సినీ సంగీతం వేరే బతుకు బతికాయి. గులాబీ చిరుత అసలు సినిమాలో వజ్రం లోపల ఉన్న ఒక మచ్చ మాత్రమే. ఆ రాయిని వెలుగుకి పట్టి చూస్తే దూకుతున్న చిరుతలా కనిపిస్తుందన్నమాట. సినిమా చూడని కోట్లమందికి ఆ కార్టూన్ జంతువు తెలుసు. ఈ గందరగోళం విమర్శలోకీ పాకింది. కార్టూన్‌ని, క్లూసోని, మొదటి సినిమాని కలగలిపి ఒకే వస్తువుగా మాట్లాడటం చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. ఇక్కడ మాట్లాడుతున్నది మొదటి సినిమా గురించి.

నవ్వు ఎక్కడ నుంచి వస్తుంది: మూడు వాదాలు

మొదటి వాదం శరీరానిది. ఫ్రెంచి తత్వవేత్త ఆన్రీ బెర్గ్‌సన్ 1900లో రాసిన హాస్య సిద్ధాంతం దీనికి పునాది. జీవమున్న మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వొస్తుందని ఆయన వాదన. భూగోళం తిరుగుతున్నా చెయ్యి అలవాటు కొద్దీ ముందే అనుకున్న చోటికే వెళ్లడం దీనికి సరిపోయే ఉదాహరణ. మన నాట్యశాస్త్రం కూడా ఇంచుమించు ఇదే చోట మొదలవుతుంది. వికృతమైన వేషం, అలంకారం, చేష్ట హాస్యానికి విభావాలని భరతుడు చెప్పాడు. ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. నవ్వును స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు మెట్లుగా విడదీసి, ఉత్తములు ఎలా నవ్వుతారో, అధములు ఎలా నవ్వుతారో కూడా విభజించాడు. 'పింక్ ప్యాంథర్'కి ఈ కొలత బాగా అతుకుతుంది. నివెన్ పాత్ర స్మితం దాటడు. సెల్లర్స్ ప్రేక్షకుణ్ణి అతిహసితం దాకా లాక్కుపోతాడు. ఒకే సినిమాలో రెండు రకాల నవ్వులు పక్కపక్కన నడవడం వల్లే, ఇది ఎవరి సినిమా అన్న పేచీ వచ్చింది.

రెండో వాదం అధికారానిది. క్లూసో మామూలు మూర్ఖుడు కాడు, యూనిఫారం వెనకున్న మూర్ఖుడు. అతని మాటకు నలుగురు పోలీసులు పరుగెత్తుతారు. రోమ్‌లో జరిగే మారువేషాల విందులో ఈ వాదానికి కావలసినంత సరుకుంది. దొంగా, అతని మేనల్లుడూ ఒకరికి తెలియకుండా ఒకరు గొరిల్లా వేషాలు వేసుకొచ్చి, ఒకే ఇనప్పెట్టెను రెండు వైపుల నుంచి తెరుస్తారు. లోపల నగ ఉండదు. తరిమే క్లూసో ఒంటి మీద ఇనుప కవచం. పోలీసు బట్టల్లో ఉన్నవాళ్లు, జంతువుల బట్టల్లో ఉన్నవాళ్లు కార్లెక్కి ఒక చిన్న కూడలి చుట్టూ తిరిగిందే తిరుగుతుంటారు. రోడ్డు దాటుదామని వచ్చిన ఒక ముసలాయన ఈ గోల చూసి, ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని కూర్చుంటాడు. చట్టం, నేరం రెండూ ఒకే గానుగ చుట్టూ తిరుగుతుంటే పౌరుడు కూర్చుని చూస్తున్నాడు. ఈ వాదం చేసేవాళ్లకి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

మూడో వాదం రెండోదానికి జవాబుగా వచ్చింది. క్లూసోని చూసి నవ్వడం వ్యవస్థను ఎండగట్టడం కాదు, దానికి ఊరట ఇవ్వడం అంటుంది ఇది. లోపమంతా ఒక వ్యక్తి మెదడులో పెట్టేస్తే శాఖ శుభ్రంగా మిగిలిపోతుంది. పైగా క్లూసో అవినీతిపరుడు కాడు, క్రూరుడు కాడు. లంచం తీసుకోడు, లాకప్‌లో కొట్టడు. అటువంటి పోలీసును చూసి నవ్వడం చాలా సుఖమైన పని.

నా లెక్కలో మూడో వాదానికి బలమెక్కువ, కానీ ఒక సంగతి దానికి కూడా అందలేదు. మొదటి సినిమాలోని ప్రధాన పాత్రల్ని వరసగా చూడండి. సర్ చార్లెస్ దొంగ. మేనల్లుడు మోసగాడు. క్లూసో భార్య సిమోన్ దొంగకు ప్రేయసి, భాగస్వామి. వజ్రానికి సొంతదారైన రాకుమారి డాలా తన నగను తనే మాయం చేసుకుంది. అబద్ధం ఆడనివాడు, ఎవరినీ మోసం చేయనివాడు క్లూసో ఒక్కడే. కోర్టులో సాక్షిగా నిలబడి చెమట తుడుచుకుందామని అతను జేబులోంచి రుమాలు లాగితే, దానితోపాటు ఆ గులాబీ వజ్రం బయటికి వస్తుంది. పెట్టింది అతని భార్యే. చేతగానితనానికి, నిజాయితీకి కలిపి ఒకడే శిక్ష అనుభవిస్తాడు. ఫాంటమ్ మరోసారి దొంగతనం చేసినప్పుడు క్లూసో నిర్దోషి అని తేలిపోతుందిలెమ్మని దొంగలు తమకు తాము సర్దిచెప్పుకుంటారు. ఈ ముగింపులోని చేదును తేలిగ్గా తీసుకునే సమీక్షలు నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే అనిపిస్తాయి. ఈ సినిమా నవ్వింది నిజాయితీపరుడి మీద.

మన కథల్లోని పాత పరిశోధకుడు

నగ పోవడం, పని రానివాడు దాన్ని వెతకడం అనే కథ సినిమా కంటే సుమారు తొమ్మిది వందల ఏళ్ల ముందే మన దగ్గర రాతలో ఉంది. 11వ శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో హరిశర్మ కథ చూడండి. దీనికి మూలమని చెప్పే గుణాఢ్యుడి బృహత్కథను సంప్రదాయం శాతవాహనుల కొలువుతో ముడిపెడుతుంది. అందుకని ఈ కథ మనకు మరీ పరాయిది కూడా కాదు.

హరిశర్మ పేదవాడు, చదువు లేనివాడు. యజమాని ఇంట పెళ్లిలో తనను పట్టించుకోలేదని అలిగి, పెళ్లికొడుకు గుర్రాన్ని తనే దాచేస్తాడు. తర్వాత జ్యోతిషం వేసినట్టు నటించి తనే చూపించేస్తాడు. పేరు రాజు దాకా పోతుంది. ఇంతలో అంతఃపురంలో బంగారం, రత్నాలు పోతాయి. రాజు పిలిపిస్తే, రేపు చెబుతానని వాయిదా వేస్తాడు. గదిలో ఒంటరిగా కూర్చుని, ఇంతటి ఆపద తెచ్చిపెట్టిన తన నాలుకను తిట్టుకుంటాడు. నగలు తీసిన దాసి పేరు కూడా జిహ్వే. తలుపు దగ్గర పొంచి వింటున్న ఆమె తన పేరే పలుకుతున్నాడనుకుని వచ్చి కాళ్ల మీద పడుతుంది. దాచిన చోటు దానిమ్మ చెట్టు కింద. హరిశర్మ కొంత సొత్తు రాజుకు అప్పగించి, కొంత దొంగ పట్టుకుపోయాడని చెబుతాడు. రాజు ఊళ్లు రాసిస్తాడు.

అరువు వాదం చేసేవాళ్లు ఈ కథను పట్టించుకోరు. సొంత వాదం చేసేవాళ్లు దీన్ని చూపించి కేసు గెలిచేశామనుకుంటారు. ఇద్దరూ తొందరపడుతున్నారు. హరిశర్మకూ క్లూసోకూ పోలిక పైపైనే ఉంది. హరిశర్మకి తనకేమీ రాదని తెలుసు. ఆ ఎరుకే అతని భయం, ఆ భయమే కథలో హాస్యం. క్లూసోకి తనకేమీ రాదన్న సంగతే తెలియదు. హరిశర్మ అబద్ధమాడి బహుమతి పొందాడు. క్లూసో నిజం చెప్పి జైలుకు పోయాడు. రెండు కథలూ ఎదురెదురు దిక్కులకు నడిచాయి.

పరమానందయ్య శిష్యుల కథలు ఇంకో రకం. వాళ్లూ అమాయకులే, కానీ గురువు మాటను అక్షరాలా పాటించడంలో వాళ్ల తెలివితక్కువతనం ఉంటుంది. నష్టం ఎప్పుడూ గురువుకే. ఆ పద్ధతికి దగ్గరి చుట్టం క్లూసో కంటే అతని పై అధికారి డ్రేఫస్ కథ. క్లూసో చేసే నిర్వాకాలకు డ్రేఫస్‌కి పిచ్చెక్కుతుంది. అతను క్లూసోని చంపబోయిన ప్రతిసారీ సంబంధం లేనివాళ్లు చస్తారు.

దొంగ వైపు చూస్తే మన సాహిత్యం మరింత సంపన్నం. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు కన్నం వేయడాన్ని ఒక కళగా చేస్తాడు. కొలతకు దారం లేకపోతే మెడలోని జంధ్యంతో కొలుస్తాడు. దండి దశకుమార చరితంలో అపహారవర్మ సాక్షాత్తు రాకుమారుడి మిత్రుడు, దొంగతనంలో దిట్ట. 13వ శతాబ్దంలో కేతన ఆ కావ్యాన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అంటే నివెన్ వేసిన మర్యాదస్తుడైన దొంగను ఆస్వాదించే అలవాటు తెలుగు పాఠకుడికి ఏడు వందల ఏళ్లుగా ఉంది. అయితే శూద్రకుడు మూల్యం సంగతి మరచిపోలేదు. తన ఇంట్లో దాచమన్న నగలు పోయాయని చారుదత్తుడు కుంగిపోతే, అతని భార్య ధూత తన రత్నహారాన్ని తీసి ఇస్తుంది. తర్వాత చేయని హత్యకు చారుదత్తుడికే మరణశిక్ష పడుతుంది. తప్పుడు విచారణ ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆ నాటకం స్పష్టంగా చూపించింది.

వజ్రం ఎవరిది

ఈ విభాగంలో రాసేవాళ్లు తక్కువ. తెలుగువాళ్లు మరీ తక్కువ. ఇది విచారించాల్సిన సంగతి. 'పింక్ ప్యాంథర్' వజ్రం లూగాష్ అనే కల్పిత తూర్పుదేశానిది. రాకుమారికి తండ్రి ఇచ్చాడు. అక్కడ ప్రభుత్వం మారింది. ఆ రాయి ప్రజల ఆస్తి, తిరిగివ్వమని కొత్త ప్రభుత్వం అడుగుతోంది. రాకుమారి ఇవ్వనంటోంది. సినిమా ఈ తగాదాను పక్కకు నెట్టి మంచు కొండల్లో విహారానికి వెళ్లిపోతుంది.

తూర్పు వజ్రం, ఐరోపాలో దొంగతనం, తడబడే పరిశోధకుడు అనే మూస విల్కీ కాలిన్స్ 1868లో రాసిన 'మూన్‌స్టోన్' నవల నాటికే తయారైంది. అందులో రాయి 1799లో శ్రీరంగపట్నం పతనమైనప్పుడు దోచినది. విచారణకొచ్చిన సార్జెంట్ కఫ్ ఎంతో నేర్పరి, అయినా మొదట అనుమానించింది నిరపరాధినే. అంటే డిటెక్టివ్ పొరబడటం ఆ సాహిత్య ప్రక్రియకు మొదటి నుంచీ తోబుట్టువు.

తెలుగు పాఠకుడికి ఈ చర్చలో హక్కు ఎక్కువ. కోహినూర్, హోప్ వజ్రాలు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలోవేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అరవై వేలమంది ఆ గనుల్లో పనిచేస్తున్నారని రాశాడు. గులాబీ రంగు రాయి కూడా ఊహాలోకపుది కాదు. నాదిర్‌షా 1739లో ఢిల్లీ నుంచి పట్టుకుపోయిన దరియా-ఇ-నూర్ గోల్కొండ ప్రాంతపు లేత గులాబీ వజ్రమే. ఇప్పుడు టెహరాన్ ఖజానాలో ఉంది. నిజాం నగలపై ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యం తర్వాత 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్లకు కొన్నది. లూగాష్ కథలో సినిమా పక్కకు నెట్టేసిన ప్రశ్నకు మన దగ్గర కోర్టులు జవాబు వెతికాయి.

2018 సెప్టెంబరులో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా పోయాయి. దొంగలు ఇద్దరు. పది రోజులు తిరక్కుండానే దొరికిపోయారు. వాళ్లలో ఒకడు ఆ బంగారు డబ్బాలో భోంచేశాడని పోలీసులు చెప్పారు. నిజజీవితంలో పాత్రలు తారుమారయ్యాయి. పోలీసులు చురుగ్గా ఉన్నారు, తమాషా అంతా దొంగల వైపే. నగల దొంగతనం మీద తెలుగులో హాస్య చిత్రం తీయాలంటే ముడిసరుకు కోసం పారిస్ దాకా పోనక్కర్లేదు.

పాండురంగారావు నుంచి ఆత్రేయ దాకా

తెలుగులో డిటెక్టివ్ మొదట తప్పు చేయనివాడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒక తరానికి ఆదర్శం. తర్వాతి తరానికి మధుబాబు షాడో. తెర మీద 1966 నాటి 'గూఢచారి 116' కృష్ణను ఆంధ్రా జేమ్స్‌బాండ్‌ని చేసింది. వీళ్లకు గురి తప్పదు, జుట్టు చెదరదు.

ఆ మూసను తిరగేసినది మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల 'చంటబ్బాయ్'. జంధ్యాల దాన్ని 1986లో సినిమాగా తీశారు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలో పనిచేసే పాండురంగారావు తనను తాను జేమ్స్ పాండ్ అని పిలుచుకుంటాడు. వేసింది చిరంజీవి. అప్పటికి మూడేళ్ల క్రితమే 'ఖైదీ'తో పెద్ద యాక్షన్ హీరో అయిపోయిన నటుడు. అందులో చార్లీ చాప్లిన్ వేషం కూడా కట్టాడు. సినిమా వచ్చినప్పటి కంటే తర్వాతి కాలంలోనే దానికి ఆదరణ పెరిగింది. సంపాదకుడి ప్రాణం తీసే శ్రీలక్ష్మి కవిత్వ సన్నివేశాలు ఈనాటికీ ఇళ్లలో చెప్పుకుంటారు.

ఈ సినిమాను క్లూసో తెలుగు అవతారం అనేవాళ్లు వేషాన్ని చూస్తారు. కాదనేవాళ్లు జంధ్యాల మాటను చూస్తారు. రెండోవాళ్ల వాదనకే నా మొగ్గు. క్లూసో హాస్యం నూటికి ఎనభై వంతులు ఒంట్లో ఉంది. జంధ్యాల హాస్యం నాలుక మీద ఉంది. విడిపోయే చోటు ఇంకొకటుంది. క్లూసోకి తను నవ్వు పుట్టిస్తున్నానని తెలియదు. పాండురంగారావుకి తెలుసు. అతను కావాలని అల్లరి చేస్తాడు, జ్వాలగా వేసిన సుహాసిని చిరాకుపడుతుంటే ఆనందిస్తాడు. ఆ అల్లరి కింద తెలివితేటలున్నాయి, అవసరమైనప్పుడు బయటికొస్తాయి. వెతుకులాట కూడా నగ కోసం సాగదు. ఒక కుటుంబం తప్పిపోయిన బిడ్డను వెతుక్కుంటోంది. నగల స్థానంలో రక్తసంబంధాన్ని పెట్టగానే సినిమా స్వభావం మారిపోయింది. నగ పోతే నవ్వొచ్చు. బిడ్డ పోతే చివరికి ఏడవాలి. అందుకే చివరికొచ్చేసరికి జంధ్యాల నవ్వును తగ్గించి మనసు వైపు తిరిగారు.

వంశీ 'డిటెక్టివ్ నారద' లాంటి ప్రయత్నాలు మధ్యలో వచ్చినా, ఈ వరసలో మళ్లీ గట్టిగా నిలిచింది 2019 నాటి 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. స్వరూప్ ఆర్‌.ఎస్‌.జె. దర్శకుడు. రచనలో నటుడు నవీన్ పొలిశెట్టి చెయ్యి కూడా ఉంది. నెల్లూరులో కుర్రాడి సంస్థ పేరు ఎఫ్‌బీఐ. విప్పి చెబితే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. ఇంగ్లీషు సినిమాలు చూసి డిటెక్టివ్ అయిన కుర్రాడు అతను, చేతిలో ఉన్నవన్నీ చిల్లర కేసులు. గుర్తుతెలియని శవాల వ్యవహారంలో ఇరుక్కున్నాక కథ చీకట్లోకి పోతుంది. అతని తల్లి మరణం ఆ చీకటికి ముడిపడి ఉంటుంది. ఇక్కడా నవ్వు మొదటి సగానిదే.

2024లో వెన్నెల కిశోర్ రెండుసార్లు ఈ వేషం కట్టాడు, 'చారి 111'లోను, 'శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్'లోను. అదే ఏడాది 'మత్తు వదలరా 2' ఇంకో దారి పట్టింది. అందులో తడబడేవాళ్లు ప్రభుత్వ బృందంలోని ఉద్యోగులు, నిజాయితీ కూడా అంతంత మాత్రమే. కేసుల్లో చేతికొచ్చిన డబ్బులోంచి నొక్కేస్తుంటారు.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. హరిశర్మకు చేతకాదు, అబద్ధమాడతాడు, గెలుస్తాడు. క్లూసోకి చేతకాదు, నిజం చెబుతాడు, ఓడిపోతాడు. పాండురంగారావుకి, ఆత్రేయకి పైకి చేతకానట్టు ఉంటుంది, లోపల చేతనవుతుంది, నిజం చెబుతారు, గెలుస్తారు. తెలుగు సినిమా సంస్కృత కథలోని అన్యాయాన్నీ, ఇంగ్లీషు సినిమాలోని అన్యాయాన్నీ రెండింటినీ సరిచేసింది. దీనికి తారాబలం ఒక కారణం. చివరి దాకా ఓడిపోయే చిరంజీవిని 1986 ప్రేక్షకుడు ఒప్పుకునేవాడు కాదు. ఇంకో కారణం మన కథానాయకుడు నిరుద్యోగానికి దగ్గరలో ఉన్న ప్రైవేటు మనిషి కావడం. అతని వెనక ప్రభుత్వం లేదు. అతను పొరబడితే అతనికే నష్టం. కాబట్టి అతణ్ణి చూసి నవ్వడంలో ప్రేమ ఉంటుంది. కానీ ఈ సర్దుబాటులో అధికారం మీద వేయాల్సిన చురక జారిపోయింది. లాభనష్టాలు రెండూ లెక్క వేయకుండా మన డిటెక్టివ్‌లను మెచ్చుకోవడం సగం విమర్శే అవుతుంది.

నోయిడా అడిగే ప్రశ్న

చేతగాని పరిశోధన మీద హాస్యం ఎంత దూరం పోవచ్చు? ఈ ప్రశ్న ఢిల్లీ పక్కనున్న నోయిడాలో కూర్చుని రాసేవాళ్లకు పుస్తకాల్లోని ప్రశ్న కాదు. సెక్టార్ 16ఏలోని ఫిల్మ్ సిటీలో టీవీ చానళ్ల స్టూడియోలు ఉన్నాయి. అక్కణ్ణుంచి కారులో కాసేపటి దూరంలో సెక్టార్ 31ని ఆనుకుని నిఠారీ గ్రామం ఉంది. పిల్లలు కనిపించడం లేదని పేద తల్లిదండ్రులు నెలల తరబడి మొత్తుకున్నా పోలీసులు పట్టించుకోలేదు. 2006 డిసెంబరులో మురుగుకాలవలోంచి పిల్లల ఎముకలు బయటపడ్డాయి. 2023 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేస్తూ, దర్యాప్తు జరిగిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఆ పిల్లలను ఎవరు చంపారో కోర్టుల్లో ఈనాటికీ రుజువు కాలేదు.

2008 మేలో సెక్టార్ 25లో ఒక బాలిక హత్య జరిగింది. పోలీసులు అనుమానించిన పనివాడి శవం మర్నాడు అదే ఇంటి మేడ మీద దొరికింది. సినిమాలో ఈ సన్నివేశం పెడితే హాలు ఘొల్లుమంటుంది. నిజంలో దాని తర్వాత తొమ్మిదేళ్ల కోర్టు నడకలున్నాయి. 2013లో ఆ బాలిక తల్లిదండ్రులకు శిక్ష, 2017లో వాళ్లు నిర్దోషులన్న తీర్పు.

అందుకని చేతగాని పోలీసు మీద హాస్యం కూడదనేవాళ్లున్నారు. బాధితుల బాధను అది చులకన చేస్తుందని వాళ్ల అభ్యంతరం. ఇది గౌరవించాల్సిన అభ్యంతరం. అయితే నగ పోయిన కథకూ ప్రాణం పోయిన కథకూ తేడా గీసుకున్నది మొదట హాస్యకారులే. మొదటి 'పింక్ ప్యాంథర్'లో ఎడ్వర్డ్స్ హత్య పెట్టలేదు. పోయింది ఒక రాయి, నష్టపోయింది డబ్బున్నవాళ్లు. క్లూసో సంగతి వదిలేస్తే, అంతకు మించి ఎవరి కన్నీళ్లూ లేవు. నగల దొంగతనం హాస్యానికి ఇంత కాలంగా ఇష్టమైన వస్తువు కావడానికి ఇదే కారణమై ఉంటుంది. ప్రేక్షకుడి మనస్సాక్షి అడ్డురాకుండా నవ్వగలిగే నేరం అదొక్కటే. శవాన్ని తెచ్చిన వెంటనే లెక్క మారుతుంది. ఆ సంగతి తెలుసు కనుకే ఆత్రేయ బృందం రెండో సగంలో నవ్వును పక్కన పెట్టింది. 'ఎ షాట్ ఇన్ ద డార్క్' మాత్రం శవాలు పడుతున్నా నవ్విస్తూనే పోయింది. నాకు ఆ సినిమాలో సెల్లర్స్ గొప్పగా కనిపిస్తాడు, మనసు మాత్రం మొదటిదాని దగ్గరే ఆగుతుంది.

ఇంకా తేలనివి

దొంగ సినిమానా, డిటెక్టివ్ సినిమానా అన్న పేచీ దాదాపు తీరిపోయినట్టే. రాసినప్పుడు దొంగది, తీసేటప్పుడు డిటెక్టివ్‌ది అయింది. శరీరమా అధికారమా అన్నది తీరలేదు. తీరకపోవడం వల్ల పెద్ద నష్టమూ లేదు.

తీరాల్సినది తెలుగు వైపు ఉంది. చొక్కా మీద నక్షత్రాలున్న పోలీసు అధికారిని, నిజాయితీపరుణ్ణి, బొత్తిగా పని రానివాణ్ణి కథానాయకుడిగా పెట్టి, చివరి దాకా తెలివి రానివ్వకుండా తీసిన తెలుగు సినిమా నాకు తెలిసినంతలో లేదు. మన పోలీసు కానిస్టేబుళ్ల హాస్యమంతా పక్కపాత్రలకే పరిమితం. 'మత్తు వదలరా 2' దగ్గరికి వచ్చింది కానీ, దాని పాత్రలకు నిజాయితీ లేదు కనుక వాళ్ల ఓటమి మనల్ని గుచ్చదు. తారలు ఒప్పుకోరనా, ప్రేక్షకుడు ఒప్పుకోడనా, పోలీసులతో పేచీ ఎందుకని నిర్మాతలు జంకుతారా? మూడు కారణాలూ వినిపిస్తాయి, మూడింటినీ పరీక్షించి చూసినవాళ్లు కనబడరు.

అరువా సొంతమా అన్న వాదనకూ ఇంతవరకు జరగని పని ఒకటి మిగిలి ఉంది. మల్లాది నవలను, జంధ్యాల చిత్రానువాదాన్ని సన్నివేశం పక్కన సన్నివేశం పెట్టి చదవాలి. నవలలో పాండురంగారావు ఎంత తడబడ్డాడు, తెర మీద ఎంత తడబడ్డాడు, కథానాయకుడి కోసం ఎక్కడెక్కడ అతనికి తెలివి జోడించారు? ఆ లెక్క చేతిలో ఉంటే, మన డిటెక్టివ్‌కి గెలుపు తెచ్చిపెట్టింది రచయితా, దర్శకుడా, తారా అన్నది ఊహలు లేకుండా చెప్పొచ్చు. అంతవరకు 'క్లూసో వారసుడు' అనే మాటను పోస్టర్లకు వదిలేసి, వ్యాసాల్లో కాస్త ఆచితూచి వాడటం మంచిది.